కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం: ఏ మందు, ఏ వేళకు, ఎలా?

డాక్టరు చీటీ మీద కొలనోస్కోపీ అని రాసివ్వగానే ఇంట్లో అందరికీ ముందు పెద్దపేగులోకి పంపే ఆ కెమెరా గొట్టం అంటేనే భయం. నిజానికి ఆ పరీక్షకు పట్టేది అరగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. మత్తు ఇచ్చి చేస్తే చాలామందికి ఏం జరిగిందో కూడా గుర్తుండదు. అసలు శ్రమంతా ముందురోజు రాత్రిది, ఆ తెల్లవారుజాముది. అదే సరిగా జరగకపోతే పరీక్ష చేయించుకున్నా చేయించుకోనట్టే.

మన పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. లోపలి గోడకు మడతలుంటాయి. కెమెరా చూడాల్సింది ఆ మడతల వెనక దాగిన చిన్న చిన్న పిలకల్ని. వాటినే పాలిప్స్ అంటారు. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. శెనగగింజంత ఉన్నప్పుడే కనిపిస్తే అక్కడికక్కడ తీసేయవచ్చు. గోడమీద మలం పూసుకుని ఉంటే ఎంత గొప్ప డాక్టరుకైనా, ఎంత ఖరీదైన కెమెరాకైనా ఆ పిలక కనపడదు. పేగు శుభ్రంగా లేదని పరీక్ష మధ్యలో ఆపేస్తే కోదాడ నుంచో మిర్యాలగూడ నుంచో పోయినవాళ్లకు ఒకరోజు కూలీ, కారు కిరాయి, ఇద్దరి తిప్పలు వృథా. అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఆస్పత్రి పక్కనే ఉండేవాళ్లకు రాసిన కాగితం మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. మనకు మధ్యలో రోడ్డు ఉంది.

ముందు మీ ఒంటి సంగతి చెప్పండి

మందు ఎంచుకునేది మెడికల్ షాపు కౌంటర్ దగ్గర కాదు, డాక్టరు ఎదుట. అక్కడ మీరు దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

కిడ్నీ జబ్బు, గుండె బలహీనత, కాలేయం జబ్బు ఉంటే అడక్కముందే చెప్పండి. ఈ మధ్య కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం చూపండి. చేయించి ఉండకపోతే, ముఖ్యంగా అరవై దాటినవాళ్లు, షుగరు బీపీ ఉన్నవాళ్లు, ఒకసారి చేయించమని మీరే అడగండి. అది చిన్న రక్తపరీక్షే. ఏ మందు తాగవచ్చో, ఏది తాగకూడదో చాలావరకు తేల్చేది అదే.

ఇంకొకటి. నాట్లకు, కలుపుకు వంగి వంగి నడుములు, మోకాళ్లు అరిగినవాళ్లు మన దగ్గర ఇంటికొకరు. వాళ్లలో చాలామంది డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు రోజూ మింగుతుంటారు. అది జబ్బు కాదు కదా అని డాక్టరుకు చెప్పరు. చెప్పాలి. ఆ గోలీలు కిడ్నీని ముందే అలసిపోయేలా చేస్తాయి. పేగు కడిగే మందు ఒంట్లో నీరు తగ్గించినప్పుడు ఆ దెబ్బ రెండింతలు అవుతుంది.

రక్తం పలచబరిచే మాత్రలు, అంటే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే వాటిని సొంతంగా ఆపకండి. స్టెంట్ వేసిన గుండెకు ఆ మాత్ర ఆగడం ప్రాణం మీదికి తేవచ్చు. ఆపాలా వద్దా, ఆపితే ఎన్నాళ్లు అన్నది గుండె డాక్టరు, గ్యాస్ట్రో డాక్టరు కలిసి చెప్పాల్సిన మాట. ఐరన్ మాత్రలు మాత్రం వారం ముందే ఆపమంటారు. అవి మలాన్ని నల్లగా, జిగటగా చేసి గోడకు అంటిస్తాయి. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు ఆ పేరు తప్పక చెప్పండి. ఉపవాసంలో ఆ మందులు రక్తంలో ఆమ్లం పెంచే ప్రమాదం ఉంది కనుక మూడు రోజుల ముందే ఆపించడం మామూలు. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, గ్లిమెపిరైడ్ వేసుకోవాలో లేదో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా విన్నది ఇంటికి చేరేలోగా మారిపోతుంది.

కడుపు ఉబ్బి, గ్యాసు కూడా పోకుండా, వాంతులవుతూ ఉంటే ఏ మందూ తాగవద్దు. పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఏ మందు?

మన పల్లెల్లో పేగు కడగడం అంటే ఆముదమే. నల్గొండ జిల్లా మెట్ట చేలల్లో ఆముదం పండించని ఊరు ఒకప్పుడు అరుదు. పిల్లల్ని ఒడిలో పడుకోబెట్టుకుని, ముక్కు మూసి తాగించిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఆముదం పని పేగును కదిలించి మలం తోసేయడం వరకే. ఒకటిన్నర మీటర్ల గోడను అద్దంలా కడగడం దానివల్ల కాదు, పైగా కడుపులో మెలిపెడుతుంది. సునాముఖి ఆకు సంగతీ అంతే. డాక్టరు చెప్పకుండా వీటిని అసలు మందుతో కలపకండి.

ఇప్పుడు ఎక్కువగా రాసేది పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి. పెగ్లెక్ అని షాపుల్లో అడిగేది ఈ రకమే. 137 గ్రాములకు కాస్త పైన ఉండే ప్యాకెట్‌ను రెండు లీటర్ల నీళ్లలో కలపాలి. ఈ పొడిలోని అణువు పెద్దది, పేగు దాన్ని పీల్చుకోలేదు. అందువల్ల నీటిని తనతోపాటే పట్టుకుని కిందికి తీసుకుపోతుంది. దాంట్లో ఉప్పులను కొలతగా కలుపుతారు. ఒంట్లో ఉప్పు పేగులోకి రాదు, పేగులోది ఒంట్లోకి పోదు. 1980లో అమెరికాలోని డాలస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం ఈ లెక్క తేల్చింది. అంతకుముందు రెండు మూడు రోజులు ఆకలితో మాడ్చి, విరేచనాల మందులు, ఎనిమాలతో మనిషిని నీరసపెట్టేవాళ్లు. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మిగతా మందులకన్నా ఇదే భద్రం. దీని కష్టమంతా తాగాల్సిన పరిమాణంలో ఉంది, ఉప్పగా ఉండే రుచిలో ఉంది. మలబద్ధకం బాగా ఉన్నవాళ్లకు రెండు లీటర్లు చాలక మూడు, నాలుగు లీటర్ల దాకా రాయవచ్చు, లేదా ముందురోజు బిసాకోడిల్ మాత్ర కలపవచ్చు. అందుకే రోజూ సాఫీగా విరేచనం అవుతుందా లేదా అన్న ప్రశ్నకు సిగ్గుపడకుండా నిజం చెప్పండి.

రెండోది తక్కువ నీళ్లతో పనిచేసే మందులు: సల్ఫేట్ లవణాల ద్రావణం, సోడియం పికోసల్ఫేట్‌తో మెగ్నీషియం సిట్రేట్ కలిపినవి. మందు కొద్దిగానే ఉంటుంది, రుచి కూడా నయం. అయితే ఇవి ఒంట్లోంచి పేగులోకి నీటిని లాగి పనిచేస్తాయి. కాబట్టి వాటితోపాటు మామూలు నీళ్లు చెప్పినంత తాగాలి. మందు కొంచెమే కదా అని నీళ్లు మానేస్తే కళ్లు తిరిగి పడిపోతారు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లలో మెగ్నీషియం పేరుకుంటుంది కనుక వాళ్లకు ఇవి వద్దు. ఆరోగ్యంగా ఉన్న నడివయసువాళ్లకు, అంత పరిమాణం తాగలేనివాళ్లకు బాగానే సరిపోతాయి.

మూడోది సోడియం ఫాస్ఫేట్ ద్రావణం, చిన్న సీసాలో వస్తుంది. తాగడం సులువు, అందుకే ఇష్టపడతారు. నేను మాత్రం ఇది వద్దనే చెబుతాను. కొందరిలో దీనివల్ల కిడ్నీల్లో ఫాస్ఫేట్ గడ్డకట్టి అవి శాశ్వతంగా పాడైనట్టు తేలింది. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పేగు శుభ్రానికి వాడే ఇదే మందు మాత్రల మీద తమ అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించమంది. నొప్పి గోలీలు వాడేవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ చీటీ మీద ఈ పేరు ఉంటే "నా క్రియాటినిన్ చూశారా సార్?" అని ఒక్క మాట అడగండి. అడగడం ఎదురు చెప్పడం కాదు.

మానిటాల్ అని ఇంకోటుంది, ఇంజెక్షన్ సీసాను నోటితో తాగించేవాళ్లు. పేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి మండే వాయువు తయారుచేస్తుంది. కరెంటు తీగతో పాలిప్ కోస్తుంటే పేగులో పేలుడు జరిగి మనిషి చనిపోయిన ఘటన 1979లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఎవరైనా ఇది తాగమంటే, పాలిప్ తీయాల్సి వస్తే ఎలా అని అడగండి.

ఎనిమా ఒక్కటే చాలదా అని అడుగుతారు. అది పేగు చివరి భాగాన్నే కడుగుతుంది. చివరి భాగం మటుకే చూసే పరీక్షకు అది చాలు, కొలనోస్కోపీకి చాలదు.

ఏ వేళకు?

మందు పేరు గురించి ఇంత చెప్పాను కానీ, సరైన రకం దొరికాక అసలు తేడా తెచ్చేది వేళ. మందును రెండు సగాలు చేసి, ఒకటి ముందురోజు సాయంత్రం, రెండోది పరీక్ష రోజు పొద్దున తాగాలి. రెండో సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. మత్తు డాక్టరు ఇంకా ముందే ఆపమంటే ఆయన చెప్పిందే లెక్క.

ఎందుకు రెండుసార్లు? రాత్రి అంతా తాగేసి పడుకుంటే అర్ధరాత్రికి పేగు శుభ్రమవుతుంది. కానీ చిన్నపేగు నిద్రపోదు. పైనుంచి పైత్యరసం, జిగట తెల్లవార్లూ జారుతూనే ఉంటాయి. వచ్చి పడేది ముందుగా పెద్దపేగు కుడి భాగంలో. చదునుగా, గోడకు అంటుకుపోయి ఉండే పాలిప్స్ ఎక్కువగా తప్పిపోయేది కూడా అక్కడే. పొద్దున తాగిన సగం ఆ పూతను కడిగేస్తుంది.

చిక్కు మనకు ఇక్కడే వస్తుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాదాపు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి దాదాపు 175. పొద్దున 9 గంటలకు టైం ఇస్తే తెల్లవారుజామున 3 గంటలకు మందు తాగి, 5 గంటలకు బస్సెక్కాలి. మందు తాగాక రెండు మూడు గంటలు బాత్రూం వదిలి రాలేరు. బస్సులో ఎలా కూర్చుంటారు? అందుకే చాలామంది పొద్దున సగాన్ని మానేసి, మొత్తం రాత్రే తాగేసి పోతారు. డాక్టరు రిపోర్టులో శుభ్రత చాలలేదని రాస్తే మందును తిట్టుకుంటారు.

కాబట్టి టైం ఇచ్చేటప్పుడే ఫోన్లో చెప్పండి: "మేం సూర్యాపేట నుంచి వస్తున్నాం, మధ్యాహ్నం ఇవ్వండి." మధ్యాహ్నం 2 గంటలకు దొరికిందనుకుందాం. పొద్దున 8 గంటలకు రెండో సగం మొదలుపెట్టి 9కి ముగించండి. పదిన్నర వరకు ఇంట్లోనే ఉండండి. సొంత కారో కిరాయి కారో అయితే ఒంటిగంటన్నరకు ఎల్బీ నగర్ దాటేయవచ్చు. మధ్యలో ఒకసారి ఆగాల్సి రావచ్చు కనుక 65వ నంబరు జాతీయ రహదారి మీద బాత్రూం ఉన్న హోటలో, పెట్రోలు బంకో ముందే అనుకుని పెట్టుకోండి. సీటు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద తువాలు పరవండి. ఒక జత బట్టలు చేతిలో ఉండాలి, డిక్కీలో కాదు.

కోదాడ వాళ్లకు ఈ లెక్క బిగుతుగా ఉంటుంది. ఖమ్మం 45 కిలోమీటర్లే, విజయవాడ వంద లోపే. అక్కడ చేయించుకునే వీలుంటే పొద్దున సగాన్ని ఇంట్లోనే ప్రశాంతంగా తాగి పోవచ్చు. మిర్యాలగూడ వాళ్లకు ఒక అదృష్టం రైలు. గుంటూరు-సికింద్రాబాద్ లైను మీద ఉన్న ఊరు, రైల్లో బాత్రూం ఉంటుంది. రైలు వేళ పరీక్ష వేళకు కుదిరితే బస్సు కన్నా వెయ్యి రెట్లు మేలు.

వీటన్నిటికన్నా మంచివి రెండు దారులు. ఒకటి, మీ ఊళ్లోనే, లేదా సూర్యాపేటలోనో నల్గొండలోనో చేసే వసతి ఉందేమో ముందు కనుక్కోవడం. పాలిప్ కనిపిస్తే అప్పుడే తీయగలరా అన్నది కూడా అడగండి, లేకపోతే మందు మళ్లీ తాగి ఇంకోచోటికి పోవాలి. రెండు, ముందురోజే హైదరాబాద్ చేరడం. వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ వైపు నల్గొండ వాళ్ల చుట్టం లేని వీధి ఉండదు. మొహమాటపడకండి. "రాత్రంతా బాత్రూం మాకు కావాలి అక్కా" అని ముందే చెప్పి దిగండి. ఆ ప్రయాణం మొదటి సగం మందు తాగకముందే అయిపోవాలి.

తిండి

మూడు రోజుల ముందు నుంచి గింజలు, తొక్కలు, నార వదిలేయండి. జొన్నరొట్టె, సజ్జలు, గోంగూర, తోటకూర, వంకాయ, టమాట, బెండ, చిక్కుడు, పల్లీలు, నువ్వులు, జామ, పుచ్చకాయ ఇవన్నీ పక్కన పెట్టాలి. జామ గింజ మూడు రోజుల తర్వాత కూడా కెమెరా గొట్టానికి అడ్డం పడవచ్చు. తినదగింది తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, తొక్కతీసిన ఆలుగడ్డ, గుడ్డు, కారం తగ్గించిన చికెన్, చేప. మిర్యాలగూడ మిల్లుల్లో పాలిష్ పట్టిన సన్నబియ్యాన్ని మామూలుగా పోషకం తక్కువని అంటాం కదా, ఈ మూడు రోజులకు మాత్రం అవే సరైనవి.

ముందురోజు సంగతి డాక్టర్లు రెండు రకాలుగా చెబుతారు. కొందరు పొద్దున తేలికగా పెరుగన్నం తిననిస్తారు, కొందరు రోజంతా ద్రవాలే అంటారు. మీ కాగితంలో ఉన్నది పాటించండి. ద్రవం అంటే గ్లాసులోంచి అవతలి వేలు కనపడాలి: వడకట్టిన నిమ్మరసం, కొబ్బరినీళ్లు, పాలు కలపని టీ, తేటగా వడకట్టిన చారు (పప్పు, ఆవాలు, కరివేపాకు లేకుండా). పాలు, మజ్జిగ, రాగిజావ ఇందులోకి రావు. ఎర్ర రంగు షర్బతులు, దానిమ్మ, బీట్‌రూట్ వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లు అడిగి తాగాలి, దాంట్లో పొటాషియం ఎక్కువ. కల్లు, సారా, బీరు ముందురోజు, పరీక్ష రోజు ముట్టవద్దు, ఒంట్లో నీరు లాగేస్తాయి, మత్తుమందుతో కలిస్తే ఇబ్బంది.

ఆ రాత్రి

సాయంత్రం అయ్యేసరికి బాత్రూంలో డ్రమ్ము నిండి ఉండాలి. నల్లా ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. కరెంటు పోతే చేతికందేలా టార్చి పెట్టుకోండి. నేల తడి లేకుండా తుడవండి. పెద్దవాళ్లు ఒంటరిగా పోకుండా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. నీరసంలో జారిపడి తుంటి ఎముక విరిగితే అది ఈ పరీక్షకన్నా పెద్ద కథ అవుతుంది. ఒకే బాత్రూం ఉన్న ఇంట్లో మిగతావాళ్లు ఆ రాత్రికి పక్కింటిని అడిగి పెట్టుకోవాలి. కొబ్బరినూనో వ్యాజలైనో పక్కన ఉంచుకోండి, పదిసార్లు కడుక్కున్నాక చర్మం మండుతుంది, ముందుగానే రాసుకుంటే మండదు.

పొడిని ఫిల్టరు నీళ్లలో, లేదా కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. ప్యాకెట్ మీద ఉన్న కొలత తగ్గించవద్దు, పెంచవద్దు. రెండు లీటర్ల మందు అయితే సాయంత్రం లీటరు, పొద్దున లీటరు. పొద్దునది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లగా ఉంటే వెగటు తగ్గుతుంది. చక్కెర, పాలు కలపకండి. పది పదిహేను నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగండి. చప్పరిస్తూ తాగితే రుచి నాలుక మీదే ఉంటుంది, గొట్టంతో నోటి వెనక్కి పీల్చి గటగటా మింగితే తేలిక. ప్రతి గ్లాసు తర్వాత నిమ్మచెక్క నాకండి. మధ్యమధ్య అటూ ఇటూ నడవండి.

గంట వరకు ఏమీ కదలకపోవచ్చు. గాబరాపడి రెండో సగం కూడా అప్పుడే తాగేయకండి. వికారం వస్తే అరగంట ఆగి నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. తాగిందంతా వాంతి అయితే ఆస్పత్రి నంబరుకు ఫోన్ చేయండి. కడుపు బిగుసుకుని నొప్పి తగ్గకపోయినా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా, రక్తం పడినా తాగడం ఆపి డాక్టరుతో మాట్లాడాలి. షుగరు ఉన్నవాళ్లు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి సూది గుచ్చి చూసుకోండి. షుగరు పడిపోతే తేటగా వడకట్టిన నిమ్మరసంలో చక్కెర వేసి తాగవచ్చు.

పొద్దున

మొదట గట్టిగా, తర్వాత బురదలా, ఆ తర్వాత చెత్త కలిసిన నీళ్లలా పోతుంది. చివరికి లేత పసుపు నీళ్లలా, అడుగు కనిపించేంత తేటగా రావాలి. అప్పటికి పని అయినట్టు. తాగిందంతా తాగినా ఇంకా గోధుమరంగులో తుక్కు పోతూ ఉంటే దాచకండి. ఆస్పత్రికి చేరగానే నర్సుకు చెప్పండి, ఇంకాస్త మందు ఇచ్చి వేళ కొంచెం జరుపుతారు. బీపీ మాత్ర వేసుకోమని ఉంటే ఒక గుక్క నీళ్లతో వేసుకోండి. వెంట ఒక మనిషి తప్పనిసరి. మత్తు దిగినట్టు అనిపించినా ఆ రోజంతా బండి, కారు నడపకూడదు, సంతకాలు పెట్టకూడదు.

పరీక్ష అయ్యాక రిపోర్టులో శుభ్రత గురించి ఒక వరుస ఉంటుంది, చూడండి. చాలాచోట్ల బోస్టన్ స్కోరు వేస్తారు: పేగును మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. ప్రతి భాగానికి రెండైనా రావాలి. అంతకన్నా తక్కువ ఉంటే, మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో అక్కడే అడగండి, ఏదీ కనిపించలేదన్న మాటతో ఇంటికి వచ్చేయకండి. ఈసారి ఏ మందు తాగారో, ఎన్ని గంటలకు తాగారో, ఎక్కడ కష్టమైందో ఆ రిపోర్టు వెనకే నాలుగు మాటలు రాసి ఫైల్లో పెట్టుకోండి.